ఎనిమిది గడులలో రెండు లిపులు

మానేరు ఒడ్డున ఉన్న మా సిరిసిల్లలో పగలు, రాత్రి అన్న భేదము సూర్యుని కన్న షిఫ్టును బట్టి ఎక్కువగా తెలుస్తుంది. ఒక కార్మికుడు సాంచా వదిలి ఇంటికి పోతాడు, మరొక కార్మికుడు దాని ముందుకు వస్తాడు; సాంచా మాత్రము నడుస్తూనే ఉంటుంది. మరమగ్గమును మా ప్రాంతములో సాంచా అంటారు. ఈ వ్యాసములో మేమును ఆ మాటనే వాడుతున్నాము. నేసిన బట్టను బట్టి కూలి వస్తుంది కాబట్టి ఎవరు ఎంత నేసినారన్న లెక్క ఇక్కడ చిన్న విషయము కాదు. మేము పోయిన షెడ్డులో షిఫ్టు మారినప్పుడు బట్టపైన సుద్దముక్కతో ఒక గీత గీసేవారు. గీతకు ఇవతలిది ఒకరిది, అవతలిది మరొకరిది. పీసు కోసి, మడతపెట్టి, కొలిచిన తరువాత గాని ఎవరి వాటా ఎంతో తేలదు. గీత చెరిగిపోయిన నాడు మాటలు పెరుగుతాయి.

ఆ లెక్కను సాంచా మీదనే, అప్పటికప్పుడు, కార్మికుని కండ్ల ముందు చూపగల ఒక చిన్న తెరను పెట్టవచ్చునా అన్న ఆలోచనతో మా ప్రయత్నము మొదలైనది. మేము నలుగురము. ఇద్దరము తెలుగు మాధ్యమములో, ఇద్దరము ఉర్దూ మాధ్యమములో పదవ తరగతి చదివి వచ్చి, ఈ కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒకే బల్ల దగ్గర కలిసినవారము. మా నలుగురి ఇండ్లలో మూడింటికి ఏదో ఒక విధముగా సాంచాతో సంబంధము ఉన్నది. నాలుగవ ఇల్లు కిరాణము దుకాణము. అయితే ఆ దుకాణములో అప్పు పెట్టేవారు మళ్ళీ సాంచా కార్మికులే.

పిక్కులను లెక్కించే యంత్రములు బజారులో దొరకవా అని పాఠకులు అడుగవచ్చును. దొరుకుతాయి. పెద్ద మిల్లులలో వాటిని వాడుతారు. వాటి తెరపైన ఇంగ్లీషు పొట్టి మాటలు, వాటి ప్రక్కన అంకెలు కనబడతాయి. అంకెలు మా షెడ్డులో చదువలేనివారు లేరు. అయితే నాలుగు అంకెలు ఒక దాని క్రింద ఒకటి మెరుస్తుంటే, ఏది నేసిన పొడవు, ఏది ఆగిన సమయము, ఏది నిన్నటిది అన్నది చెప్పే మాట చదువలేనివాడు మరొకరిని అడుగవలెను. అడిగి తెలుసుకొన్న అంకె తాను చూచిన అంకెతో సమానము కాదు. కూలి విషయములో ఈ తేడా ఎంత పెద్దదో సాంచా ఇంటిలో పుట్టినవారికి చెప్పనవసరము లేదు. కాబట్టి తెరపైన మాట తెలుగులోను, ఉర్దూలోను ఉండవలెనని మొదటి రోజుననే నిశ్చయించుకొన్నాము. అది ఎంత కష్టమో తరువాత తెలిసినది.

ఇటువంటి పని చదువుకొన్నవారికే సాధ్యమను భ్రమ మాకు లేదు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము తల్లి ఆసు పోయుటలో పడే భుజముల నొప్పి చూడలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రమును తయారు చేసినాడు. ఒక చీరకు వేల సార్లు చేయి అటు ఇటు ఆడించవలసిన పని అది. బడి చదువు ఆరవ తరగతితో ఆగిపోయిన ఆ నేతగాడు తరువాతి కాలములో ఆ యంత్రమునకు మైక్రోకంట్రోలరును కూడ జోడించినాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. మా ప్రయోగశాల గోడపైన శాస్త్రవేత్తల చిత్రములు చాల ఉన్నవి. వాటి సరసన ఆయన చిత్రము కూడ ఉండవలెనని మా అభిప్రాయము.

ఇక పనిలోనికి వద్దాము. పడుగు దారముల మధ్య నుండి నాడె ఒకసారి పోతే ఒక పేక దారము పడుతుంది. అదే ఒక పిక్కు. సాంచా క్రాంకు ఇరుసు ఒక చుట్టు తిరిగితే ఒక పిక్కు పడినట్లు. అంగుళమునకు 48 పిక్కుల బట్ట అనుకొందము. మీటరుకు 39.37 అంగుళములు కాబట్టి ఒక మీటరుకు సుమారు 1,890 పిక్కులు. నిమిషమునకు 140 పిక్కుల చొప్పున నడిచే సాంచా పైన మీటరు బట్టకు పదమూడున్నర నిమిషములు పడుతుంది. దారము తెగకుండ, కరెంటు పోకుండ ఉన్నప్పటి మాట ఇది! బట్టను నేరుగా మీటర్లలో కొలువక పిక్కులలో లెక్కించుటకు ఇంకొక కారణము ఉన్నది. సాంచా మీద బిగువుగా ఉన్నప్పటి పొడవు వేరు, దించి మడతపెట్టిన తరువాతి పొడవు వేరు. బట్ట ముడుచుకొంటుంది. పిక్కుల లెక్క ముడుచుకోదు.

ఇరుసు చివర ఒక చిన్న అయస్కాంతమును అతికించి, దాని ఎదుట ఒక హాల్ సెన్సారును నిలిపినాము. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ప్రభావము పైన ఇది పనిచేస్తుంది. అయస్కాంతము దగ్గరకు వచ్చినప్పుడెల్ల ఒక సంకేతము ఇస్తుంది. కాంతితో పనిచేసే సెన్సారు కూడ ఉన్నది కాని, షెడ్డులో గాలి నిండ నూగు. ఒక షిఫ్టు గడిచేసరికి దాని కన్ను మూసుకొనిపోతుంది. అయస్కాంతమునకు నూగుతో పట్టింపు లేదు. సంకేతములను లెక్కించుటకు ఆర్డుయినో బోర్డును తీసుకొన్నాము. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణములో విద్యార్థుల కొరకే పుట్టిన బోర్డు ఇది. దానిపైన ఉన్న ఎ.టి.మెగా 328పి అనే మైక్రోకంట్రోలరులో ప్రోగ్రాము కొరకు 32 కిలోబైట్లు, నడుస్తున్న లెక్కల కొరకు 2 కిలోబైట్లు, కరెంటు పోయినా చెరగని జ్ఞాపకము 1 కిలోబైటు ఉంటాయి.

తెర సంగతి కొంత వివరముగా చెప్పవలెను. 1888లో ప్రాగ్ నగరములో ఫ్రీడ్రిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఒక పదార్థమును వేడి చేస్తుండగా అది రెండుసార్లు కరిగినట్లు కనిపించినది. 145.5 డిగ్రీల దగ్గర మబ్బు పట్టిన ద్రవముగాను, 178.5 డిగ్రీల దగ్గర తేటగాను మారినది. ఆ మబ్బు స్థితినే ద్రవ స్ఫటికము అంటున్నాము. ద్రవము వలె పారుతుంది, స్ఫటికము వలె దాని అణువులు ఒక వరుసలో నిలుస్తాయి. 1977లో బెంగుళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు బిళ్ళల ఆకారపు అణువులతో కొత్త రకపు ద్రవ స్ఫటికములను కనుగొన్న సంగతి మన విద్యార్థులలో ఎక్కువ మందికి తెలియదు. తెరలో ఈ ద్రవము రెండు గాజు పలకల మధ్య ఉంటుంది. దానికి తన వెలుగు లేదు. వెనుకనుండి వచ్చే వెలుగును దారి మళ్ళించి, ఒక చుక్క దగ్గర పోనిస్తుంది, మరొక చుక్క దగ్గర ఆపుతుంది. ఒకే వైపు విద్యుత్తు ఎడతెగకుండ ఇస్తే ఆ ద్రవము చెడిపోతుంది. అందువలన తెర వెనుక ఉన్న చిప్ దిశను మారుస్తూ విద్యుత్తును ఇస్తుంటుంది.

మేము తీసుకొన్న తెరలో రెండు వరుసలు, వరుసకు 16 గడులు. ఒక్కొక్క గడిలో వెడల్పున 5, ఎత్తున 8 చుక్కలు. జపాను దేశపు హిటాచీ సంస్థ 1980లలో రూపొందించిన హెచ్.డి. 44780 అనే చిప్ పద్ధతిలోనే ఇటువంటి తెరలన్నీ నడుస్తాయి. బోర్డుకు, తెరకు మధ్య సమాచారము కొరకు ఆరు తీగలు చాలును: నాలుగు తీగలపైన అక్షరము రెండు సగములుగా పోతుంది, ఒకటి వచ్చినది ఆజ్ఞయా అక్షరమా అని చెబుతుంది, మిగిలినది "ఇప్పుడు చదువుకో" అని తట్టిలేపుతుంది. మొదటిసారి కరెంటు ఇవ్వగానే పై వరుసలో నల్లని గడులు మాత్రము కనబడతాయి. తెర పాడైనదని ఎవరును కంగారు పడనక్కరలేదు. దానికి ఇంకా ఆజ్ఞలు అందలేదని అర్థము. కరెంటు నిలకడగా వచ్చిన తరువాత కనీసము 15 మిల్లీసెకన్లు ఆగి, ఒకే ఆజ్ఞను మూడుసార్లు ఇవ్వవలెను. మొదటిదానికి, రెండవదానికి మధ్య 4.1 మిల్లీసెకన్ల విరామము ఉండవలెను. నిద్ర మత్తులో ఉన్నవానిని మూడుసార్లు పిలిచినట్లు! ఆ తరువాత అది ఎంత చురుకైనదంటే ఒక్కొక్క అక్షరమునకు సెకనులో లక్షవ వంతులు నాలుగైదు చాలును.

ప్రయోగశాల బల్లమీద చక్కగా పనిచేసిన ఈ ఏర్పాటు షెడ్డులో పిచ్చి రాతలు రాసినది. ప్రక్క సాంచా మోటారు ఆన్ చేసినప్పుడల్లా మా తెరపైన అంకెలు పోయి జపాను అక్షరములు వచ్చేవి. ఆ చిప్ జ్ఞాపకములో జపానువారి కతకనా లిపి ఉన్నది కాబట్టి తప్పుడు సంకేతము అందితే అదే బయటికి వస్తుంది. మా అధ్యాపకుల అనుమతితో ఆసిలోస్కోపును షెడ్డుకు తీసుకొనిపోయి చూచినాము. మోటారు మొదలయ్యే క్షణములో తట్టిలేపే తీగపైన ఒక పదునైన మొన లేస్తున్నది. అక్షరము రెండు సగములుగా పోతుందని చెప్పినాము గదా. మధ్యలో ఒక దొంగ సంకేతము దూరితే రెండవ సగము మొదటిదై, మొదటిది రెండవదై, ఇక ప్రతి అక్షరమును తప్పుగానే పడుతుంది. తీగలను జానెడుకు కుదించి, తెర కాళ్ళ దగ్గరనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును పెట్టి, సెన్సారు తీగకు తొడుగు వేసి దానిని ఎర్త్ చేసినాము. అంతటితో ఆగక, నిమిషమునకు ఒకసారి తెరను మళ్ళీ మొదటినుండి మేల్కొలిపే ఏర్పాటు ప్రోగ్రాములో చేర్చినాము. ఒకవేళ చెడినా నిమిషములో దానంతట అదే బాగుపడుతుంది.

కరెంటు పోయినప్పుడు లెక్క నిలువవలెను. చెరగని జ్ఞాపకము ఉన్నదన్నాము, కాని దానికి ఆయుష్షు ఉన్నది. ఒకే చోట లక్ష సార్లు రాయుటకు మాత్రమే తయారీదారులు హామీ ఇస్తారు. పిక్కు పడినప్పుడల్లా రాస్తే నిమిషమునకు 140 చొప్పున పన్నెండు గంటలు గడువకముందే లక్ష పూర్తి అవుతుంది. ఒక షిఫ్టుకే ఆయుష్షు తీరిపోవునన్నమాట. అందువలన కరెంటు పోతున్నదని పసిగట్టిన క్షణములో మాత్రమే రాసే విధముగా ఏర్పాటు చేసినాము. ఒక పెద్ద కెపాసిటరు ఆ చివరి రాతకు కావలసిన శక్తిని దాచి ఉంచుతుంది. సిరిసిల్లలో కరెంటు ఎన్నిసార్లు పోయినా రోజుకు పన్నెండు గంటలలో లక్షసార్లు పోదు గదా!

ఇక మాట. హెచ్.డి. 44780లో 5కు 8 చుక్కల అక్షరములు 208 ముందే నింపి ఉంటాయి. అందులో ఇంగ్లీషు, కతకనా, కొన్ని గ్రీకు అక్షరములు, గుర్తులు ఉన్నవి. భారతీయ లిపి ఒక్కటియు లేదు. దీనిలో ద్వేషము చూడనక్కరలేదు. చిప్ చేసినవారు తమ దేశపు దుకాణములను దృష్టిలో పెట్టుకొన్నారు. పైగా కతకనాకు గుణింతములు లేవు, వత్తులు లేవు. నలభై చుక్కలలో ఇమిడిపోతుంది. అయితే ఆ చిప్‌లో మనము గీసి పెట్టుకొనుటకు ఎనిమిది గడుల చోటు వదిలినారు. ఎనిమిది మాత్రమే. యాభైయారు అక్షరముల భాషకు, కలిసి నడిచే ఉర్దూకు కలిపి ఎనిమిది గడులు. అగ్గిపెట్టెలో పట్టే చీరను నల్ల పరంధాములు నేసిన ఊరిలో పుట్టి, చోటు చాలదని వెనుకకు పోవుట మాకు నచ్చలేదు.

ఏ అక్షరమైనను గీయగల పెద్ద తెరలు లేకపోలేదు. వెడల్పున 128, ఎత్తున 64 చుక్కల తెర దొరుకుతుంది. కాని దాని ధర ఎక్కువ. ఒక షెడ్డులో పది సాంచాలుంటే పది తెరలు కావలెను. దాని చిత్రమును మోయుటకే బోర్డులోని 2 కిలోబైట్లలో సగము పోతుంది. చిన్న తెర మీది అంకెలు రెండు సాంచాల దూరము నుండి కూడ స్పష్టముగా కనబడతాయి. కాబట్టి చిన్న తెరతోనే సాధింపవలెననుకొన్నాము.

తెలుగు అక్షరము ఒక గడిలో ఇమడదు. తలపైన గుణింతము ఉన్నది, క్రింద వత్తు ఉన్నది, మధ్య గుండ్రని కడుపు ఉన్నది. రెండు గడులు కలిపి పది చుక్కల వెడల్పు ఇస్తే గుణింతము వరకు కుదురుతుంది. వత్తుకు క్రింద చోటు మిగలదు. పైగా గడికి గడికి మధ్య ఒక చుక్కంత సందు ఉన్నది, అక్కడ ఏమియు గీయలేము. దానితో "పిక్కులు", "మీటర్లు" అను మాటలు మొదటనే తొలగిపోయినవి. వత్తు లేని మాటలు, రెండక్షరముల మాటలు, షెడ్డులో అందరి నోట నానిన మాటలు కావలెను. ఒక సాయంత్రమంతయు వెతికి "నేత", "కూలి" అను రెంటిని పట్టుకొన్నాము. నాలుగు అక్షరములు, అక్షరమునకు రెండు గడులు. ఎనిమిది గడులు సరిగా నిండినవి. గ్రాఫు కాగితముపైన చుక్కలు నింపి, ప్రతి వరుసను కుడినుండి 1, 2, 4, 8, 16 అని కూడి ఒక సంఖ్యగా మార్చినాము. ఐదు చుక్కలును నిండితే 31, ఏదియు లేకపోతే సున్న. గడికి ఎనిమిది సంఖ్యలు, మొత్తము అరవై నాలుగు సంఖ్యలు. న, స చిన్న చుక్కలలో అన్నదమ్ముల వలె ఉంటాయి కాబట్టి "నే"కు ఏడెనిమిది రూపములు గీసి, ఇండ్లలోని పెద్దలకు ఏమియు చెప్పకుండ చూపి, తడుముకొనకుండ చదివిన రూపమునే ఉంచినాము.

ఉర్దూ పని మా ఉర్దూ మాధ్యమపు మిత్రులు తీసుకొన్నారు. ఉర్దూ అక్షరములు పదములో చేతులు పట్టుకొని నడుస్తాయి. గడుల మధ్య సందు ఆ చేతులను విడదీస్తుంది. ఇక్కడ వారు చూపిన ఉపాయము మాకు ఇప్పటికి ముచ్చట గొలుపుతుంది. దాల్, రే, జే, వావ్ వంటి కొన్ని అక్షరములు తమ తరువాత వచ్చే అక్షరమును ఎన్నడును కలుపుకోవు. అటువంటివి ఎక్కువగా ఉన్న మాటను వెతికితే చాలును. ఆ మాట దూరము పోకుండ దొరికినది: మజ్దూరీ. మీమ్, జే, దాల్, వావ్, రే, యే అను ఆరు అక్షరములలో మొదటి మీమ్ ఒక్కటే తన ప్రక్కదానితో కలుస్తుంది. మిగిలినవి విడిగానే నిలుస్తాయి. ఆరు గడులు. పొడవుకు "నాప్" అనుకొన్నాము. దానిలో నూన్, అలిఫ్ కలిపి ఒక గడి, పే ఒక గడి. పే క్రింది మూడు చుక్కలు ఒక గుత్తిగా కాక ఒకే వరుసలో వచ్చినవి; చదువుటకు అడ్డు లేదు. ఆరును రెండును మళ్ళీ ఎనిమిదే. నస్తాలీఖ్ వంపు, జారు మాత్రము ఎనిమిది చుక్కల ఎత్తులో రావు. కంప్యూటరు అక్షరకూర్పులోనికే ఆ వంపు 1981లో నూరీ నస్తాలీఖ్‌తో వచ్చినదని, అంతవరకు ఖాతిబుల చేతివ్రాతయే దిక్కని మా మిత్రులు చెప్పినారు. వారి ఇండ్లలో పెద్దలు మా తెరను చూచి "ఖత్ అచ్ఛా నహీఁ, మగర్ పఢ్ సక్తే" అన్నారు. వ్రాత బాగాలేదు, చదువగలము అని. మాకు కావలసినది ఆ రెండవ భాగమే.

ఒక విచిత్రము కూడ చెప్పవలెను. ఉర్దూ అక్షరము ఒక్కటియు లేని ఆ చిప్‌లో కుడినుండి ఎడమకు రాసే ఆజ్ఞ మాత్రము ఉన్నది. ఒక బిట్టు మార్చితే ప్రతి అక్షరము తరువాత స్థానము ఎడమకు జరుగుతుంది. మాట కొరకు దానిని వాడి, అంకెల దగ్గర మళ్ళీ ఎడమనుండి కుడికి మార్చినాము. ఉర్దూలో కూడ అంకెలు ఆ దిశలోనే నడుస్తాయి గదా.

నిండిన ఎనిమిది గడులను చెరిపి కొత్తవి నింపుటకు చిప్ లెక్క ప్రకారము 3 మిల్లీసెకన్లు మించవు. మీట నొక్కగానే నేత, కూలి పోయి నాప్, మజ్దూరీ వచ్చేవి. రెండు భాషలు వంతులవారీగా కనబడతాయి, ఒకేసారి కనబడవు. అంతకన్న మించి కుదరదని అప్పుడు అనుకొన్నాము.

షెడ్డు ఒక ఆసామిది. యజమానివద్ద నూలు తెచ్చి, కార్మికులచేత నేయించి ఇచ్చేవారిని మా ఊరిలో ఆసాములంటారు. ఆయన మాకు దూరపు బంధువు, మేము కాకా అని పిలుస్తాము. తెరను చూచిన తోడనే ఆయన అడిగిన ప్రశ్న మా అధ్యాపకులు కూడ అడుగనిది. "పిక్కు తప్పు పడితె సాంచను చేతితోని ఎనుకకు తిప్పి ఇప్పుతం గద తమ్మీ. అప్పుడు గీ లెక్క ఎట్ల?" నిజమే, ఇరుసు వెనుకకు తిరిగినా ముందుకు తిరిగినా ఒక సెన్సారుకు తేడా తెలియదు. పావు చుట్టు దూరములో రెండవ సెన్సారును పెట్టినాము. ఏది ముందు తట్టబడినదన్న దానిని బట్టి దిశ తెలుస్తుంది. వెనుకకు తిరిగితే లెక్క తగ్గుతుంది. విప్పి మళ్ళీ నేసిన పిక్కు ఒకసారి మాత్రమే లెక్కకు వస్తుంది. ఆసామికి నష్టము లేదు.

తెర ఎటువైపు చూడవలెనన్నది దీనికన్న పెద్ద చిక్కు అయినది. సాంచా వెనుక, నడవ వైపు పెడితే తాను పది సాంచాలను ఒక చుట్టులో చూచుకోవచ్చునని కాకా అన్నాడు. అట్లయితే కార్మికుడు నిలుచున్న చోటినుండి కనబడదు. లెక్క ఆసామికి తెలిసి కార్మికునికి తెలియకపోతే, సుద్దగీతయే మేలు. గీతను ఇద్దరును చూడగలరు. మేము ఈ మాటను ఆయనతో అన్నాము. బంధుత్వము ఉన్నది కాబట్టి అనగలిగినాము, లేకపోతే నోరు వచ్చేది కాదు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజుల తరువాత, తెరను కార్మికుని వైపునే పెట్టుకొమ్మని, తాను కావలసినప్పుడు ఇవతలికి వచ్చి చూస్తానని కబురు పంపినాడు. ఏమి ఆలోచించి ఒప్పుకొన్నాడో మేము అడుగలేదు.

ఆ సాంచా మీద పగలు ఒకాయన, రాత్రి ఒకాయన. పగటి ఆయన తెలుగు చదువుతాడు. రాత్రి ఆయన చిన్ననాడు మదర్సాలో ఉర్దూ నేర్చినవాడు, మేము చాచా అని పిలుస్తాము. తెలుగు ధారాళముగా మాట్లాడుతాడు, అక్షరము మాత్రము రాదు. మొదటి రాత్రి మీట నొక్కి చూపినప్పుడు చాచా చాలసేపు తెరను చూచి, "నాప్" అని పైకి చదివినాడు. మళ్ళీ మీట నొక్కి, మళ్ళీ చదివినాడు. సాంచాల చప్పుడులో ఆ మాట మాకు వినబడలేదు, పెదవులు కదిలినది మాత్రము చూచినాము.

వారము దాటిన తరువాత పగటి ఆయన మాతో ఒక మాట అన్నాడు. "నేత కనవడితె మంచిదే బిడ్డా. కూలి ఎందుకు? వచ్చినోడు పోయినోడు నా కూలి సూసుడు నాకు నచ్చలే." మేము ఈ కోణమును అనుకోలేదు. కూలి లెక్క స్పష్టముగా కనబడుటయే ఆయనకు గౌరవమని తలచినాము. ఆయనకు అది తన ఇంటి మాట. చాచాను అడిగితే ఆయనది కూడ అదే మాట. వెంటనే కూలిని ముందు పుటనుండి తీసివేసి, మీటను మూడు సెకన్లు ఒత్తిపట్టుకొంటే మాత్రమే వచ్చే విధముగా లోపలి పుటకు మార్చినాము.

ఈ మార్పుతో మేము కోరని మేలు ఒకటి జరిగినది. ముందు పుటలో ఇక నేతకు నాలుగు గడులు, నాప్‌కు రెండు గడులు చాలును, మొత్తము ఆరు. ఎనిమిదిలో ఆరు! రెండు భాషలను ఒకే తెరపైన, ఒకే సమయమున నిలుపవచ్చునన్నమాట. పై వరుసలో నేత, దాని ప్రక్కన పగటి ఆయన పొడవు. క్రింది వరుసలో కుడి చివర నాప్, దానికి ఎడమన చాచా పొడవు. సాంచా ఎవరి చేతిలో ఉంటే వారి వరుసలోని అంకె కదులుతుంది. మరొకటి నిలిచి ఉంటుంది. షిఫ్టు మారినప్పుడు దిగేవాడు, ఎక్కేవాడు ఇద్దరును కలిసి తెర ముందు ఒక క్షణము నిలిచి రెండు అంకెలను చూచుకొంటున్నారు. మొదటి నెలలో మడతపెట్టి కొలిచిన పొడవుతో తెర లెక్కను పోల్చినప్పుడు, బట్ట ముడుచుకొన్నంత తేడా తప్ప వేరు తేడా రాలేదు. ఆ ముడుపు ఎవరి ఖాతాలో పడవలెనన్నది మాత్రము కాకాకు, కార్మికులకు మధ్య ఇంకా తేలలేదు. ఆ లెక్క మా బోర్డులో లేదు.

కాకా ఇంకొక మూడు సాంచాలకు తెరలు అడిగినాడు. తెరలు, సెన్సార్లు ఆయనవే, చేతిపని మాది. పెట్టెలకు పాత స్విచ్చు బోర్డుల చెక్కపెట్టెలను వాడుతున్నాము; నూగు పోకుండ అంచులకు రబ్బరు అతికిస్తున్నాము. ముందు పుటలో ఇంకా రెండు గడులు ఖాళీగా ఉన్నవి. వాటిలో ఏ అక్షరము పెట్టుదుమని మేము వాదించుకొంటుండగా, ప్రక్కన కండెలు చుట్టుతున్న అక్క ఒకామె, "అక్షరమెందుకు, కండె బొమ్మ ఎయ్యుండ్రి, పేక తెగినప్పుడు అది ఆరుకుంట ఎలుగుకుంట ఉంటె నాకు గూడ తెలుస్తది" అన్నది. నిలువుగా రెండు గడులలో కండె రాదు, అడ్డముగా పడుకొన్నట్లు గీయవలెను. గ్రాఫు కాగితముపైన అది ఇప్పటికి ఉల్లాకు వలె వచ్చినది.